సరిచూసే పని ఎవరి నెత్తిన?

జగ్గయ్యపేట దగ్గర ధనబోడు గుట్ట మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించాడు. అక్కడ బయటపడ్డ శాసనాల్లో ఒక వింత ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడు గద్దెనెక్కిన ఇరవయ్యో ఏట, అంటే క్రీస్తు శకం మూడో శతాబ్దంలో, సిద్ధార్థుడనే శిల్పి మహాచైత్యానికి తూర్పు వాకిట ఐదు ఆయక స్తంభాలు దానం చేశాడు. తన పేరు, తండ్రి పేరు, ఊళ్ల పేర్లు, దానం వివరం ప్రాకృతంలో రాయించి, ఒక స్తంభంతో సరిపెట్టుకోలేదు. అదే సంగతి మూడింటి మీద చెక్కించాడు. పుణ్యం మూడింతలవుతుందనుకున్నాడేమో తెలీదుగానీ, ఒక రాతి మీద అక్షరం చెదిరితే పక్క రాతిని చూసి పూరించుకునే వీలు మాత్రం మనకు మిగిల్చాడు. ఇప్పటి సర్వర్ల గదుల్లో ఒకే ఫైలును మూడుచోట్ల ఉంచడం మామూలు పద్ధతి. ఈ మెట్ట నేల మీద ఆ పద్ధతి ఎప్పుడో పదిహేడు వందల ఏళ్ల నాడే అమల్లో ఉందన్నమాట.

రాతి మీద రాత నిదానం. తప్పు పోతే దిద్దుకోవడం కష్టం కాబట్టి చెక్కేవాడు ముందే ఒకటికి రెండుసార్లు చూసుకునేవాడు. తాటాకు వచ్చాక చెయ్యి వేగం పెరిగింది, తప్పులూ పెరిగాయి. మన లేఖకులు గ్రంథం చివర ఒక శ్లోకం తగిలించేవారు. ఎదుట ఉన్న ప్రతిలో ఎలా ఉంటే అలా రాశాను, తప్పుంటే నా మీద వేయకండి, పండితులే సరిచేసుకోండి అని దాని సారాంశం. కొన్న సాఫ్ట్‌వేరు పెట్టె మీద సన్న అక్షరాల్లో ఉండే మాటకూ దీనికీ పెద్ద తేడా లేదు. రాసేవాడు తన బాధ్యతను రాతతోనే ముగించుకుని, సరిచూసే పనిని చదివేవాడికి అప్పగించాడు. తర్వాత వచ్చిన ప్రతి యంత్రం వెనకా ఈ అప్పగింతే కనిపిస్తుంది.

చదివేవాడి చేతిలో అప్పట్లో ఆయుధాలు లేకపోలేదు. వేదం నోటితో నడిచినంత కాలం పదం, క్రమం, జట, ఘన అంటూ ఒకే మాటను ముందుకీ వెనక్కీ తిప్పి వల్లించారు. నేర్చుకోవడానికి ఏళ్లు పట్టినా స్వరం కూడా జారలేదు. తెలుగు పద్యానికి ఆ పని ఛందస్సు చేసింది. ఉత్పలమాల తీసుకోండి. పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరానికి ఒకే హల్లు. లేఖకుడు నిద్రమత్తులో ఒక అక్షరం మింగితే గణం విరుగుతుంది, మాట మారిస్తే యతి చెడుతుంది, వేరే పద్యం పాదం వచ్చి పడితే ప్రాస పట్టిస్తుంది. చదవబోయిన పండితుడి నాలుక అక్కడే తడబడుతుంది. కంప్యూటరువాళ్లు చెక్‌సమ్ అనేది అచ్చంగా ఇదే: అసలు విషయానికి తోడు మరికొంత లెక్కను అందులోనే ఇమడ్చడం, చదివేటప్పుడు ఆ లెక్క కుదరకపోతే ఎక్కడో చెడిందని తేల్చడం.

ఛందస్సుకూ ఒక గుడ్డి మూల ఉంది. గణానికీ యతికీ సరిపోయే తప్పు మాట పడితే అది పట్టుకోలేదు. అంతకంటే ప్రమాదం, తెలిసిన లేఖకుడు. పాదం విరిగిందని గమనించి, అసలు మాట దొరక్క, ఛందస్సుకు సరిపోయేలా తనే ఒకటి కూర్చేస్తాడు. అప్పుడు లెక్క అంతా కుదురుతుంది, కవి మాట మాత్రం పోతుంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820ల నుంచి పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి పలు ఊళ్ల నుంచి ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పాఠం తేల్చే పని చేయించింది ఇందుకే. ఛందస్సుతో తప్పు ఉందని తెలుస్తుంది. ఒప్పు ఏదో తెలియాలంటే ఇంకో ప్రతి కావాలి. డబ్బూ కాలమూ బాగా తినే పని అది. బ్రౌన్ అప్పుల పాలు కావడానికి ఈ ప్రతుల పిచ్చి కూడా ఒక కారణం.

కావ్యం చెడితే రసం చెడుతుంది. భూమి కాగితం చెడితే కొంప మునుగుతుంది. అందుకే తెలుగువాళ్ల నిత్యజీవితంలో సరిచూపుకు నిజమైన గుడి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద నడిచిన ఆ తంతు గుర్తుచేసుకుంటే ఇప్పటి కుర్రకారుకు నవ్వొస్తుందేమో. జగ్గయ్యపేట దగ్గరి వత్సవాయి రైతు అమ్మకం దస్తావేజు పట్టుకుని జగ్గయ్యపేటకో నందిగామకో పోతాడు. సంతకాలు, వేలిముద్రలు అయ్యాక దస్తావేజు అక్కడే ఉండిపోతుంది. నకలు గుమాస్తా దాన్ని అక్షరం పొల్లుపోకుండా ఒకటో నంబరు పుస్తకంలో చేత్తో దించుతాడు. దించాక ఒకరు అసలు చదువుతుంటే ఇంకొకరు నకలు మీద వేలు పెట్టి చూస్తారు. రాసిందెవరు, సరిచూసిందెవరు అన్నదానికి విడివిడిగా సంతకాలు. కొట్టివేతలకూ, చేర్పులకూ, దిద్దుబాట్లకూ లెక్క. పుస్తకం నంబరు, పేజీ నంబరు అసలు మీద ఎక్కించాకే అది రైతు చేతికొస్తుంది. రద్దీ ఉన్న ఆఫీసుల్లో దీనికి రోజులు, ఒక్కోసారి వారాలు పట్టేది.

దస్తావేజు రాతలోనే మరో కాపలా ఉండేది. దస్తావేజు లేఖరి సొమ్మును అంకెల్లో రాసి, అక్షరాల్లోనూ రాస్తాడు. సర్వే నంబరు రాస్తాడు, విస్తీర్ణం రాస్తాడు, అంతటితో ఆగక తూర్పున ఫలానా వారి చేను, దక్షిణాన డొంక, పడమర వాగు, ఉత్తరాన ఫలానా వారి మెరక అని నాలుగు హద్దులూ రాస్తాడు. సర్వే నంబరులో ఒక అంకె జారినా హద్దులు పొలాన్ని పట్టిస్తాయి. కోర్టులు సైతం విస్తీర్ణానికీ హద్దులకూ పేచీ వస్తే సాధారణంగా హద్దుల వైపే మొగ్గుతాయి. అవసరానికి మించిన ఈ రాతే ఆ కాగితానికి బలం.

ఇక ఊళ్లో కరణం. ఏ చేలో ఏ పైరో చెప్పే అడంగల్ ఆయన రాసుకునేవాడు, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చి పైరుతో పోల్చి చూసేవాడు, ఏడాదికోసారి జమాబందీలో పై అధికారి ముందు ఊరి లెక్కలన్నీ పరిచేవాళ్లు. మునియేరు దాటి ఖమ్మం వైపు పోతే నిజాం రాజ్యంలో అడంగల్ బదులు పహాణీ, కరణం బదులు పట్వారీ. తీరు మాత్రం ఒకటే. ఈ ఏర్పాటు నిజాయితీగా నడిచిందని నేననను. కరణం కలం ఎన్ని సంసారాలను కూల్చిందో కథలు కథలుగా ఉంది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వంశపారంపర్య పదవులను రద్దు చేసినప్పుడు ఊళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. అయితే కరణంతో పాటు కరణాన్ని పట్టుకునే తనిఖీ కూడా పల్చబడింది. జమాబందీ చాలాచోట్ల పేరుకే మిగిలింది. దస్త్రాలు కొన్ని పూర్తిగా చేతులు మారనేలేదు.

ఇంతలో ప్రపంచంలో మరోచోట ఇదే గొడవ అంకెల్లో మొదలైంది. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే రిచర్డ్ హామింగ్‌కు శని, ఆదివారాల్లో యంత్రం మీద లెక్కలు వేయించుకునే అవకాశం దక్కింది. తప్పు దొర్లిందని కనిపెట్టగానే యంత్రం ఆ లెక్కను వదిలేసి తర్వాతి దానికి పోయేది. సోమవారం పొద్దున వచ్చి చూస్తే చేతికి ఏమీ ఉండేది కాదు. తప్పుందని కనిపెట్టగలిగిన యంత్రం అది ఎక్కడుందో కనిపెట్టి ఎందుకు దిద్దుకోకూడదని విసిగిపోయి, 1950లో తన సంకేతాలను ప్రకటించాడు. ఛందస్సు దగ్గర ఆగిపోయిన మెట్టు ఆయన ఎక్కాడు. 1961లో సీఆర్‌సీ అనే చెక్‌సమ్ పద్ధతి వచ్చింది. ఆ పునాదుల మీదే డిస్కులు, టేపులు, నెట్‌వర్కులు లేచాయి.

లేచిన మరుక్షణం నుంచే ఈ తనిఖీలను కట్టేసే పనీ మొదలైంది. 1980లలో కొన్ని కంప్యూటరు కంపెనీలు నెట్‌వర్కు మీద ఫైళ్లు పంచే ఎన్ఎఫ్ఎస్ వేగంగా ఉందనిపించుకోవడానికి, దాని కింద నడిచే యూడీపీలో చెక్‌సమ్ లెక్కను ముందే ఆపేసి అమ్మాయి. ఎలాగూ కింద తీగ మీద మరో తనిఖీ ఉందిగదా అన్నది వాదన. తీగ మీద తనిఖీ తీగ మీద తప్పులనే పడుతుంది. రెండు తీగల మధ్య ఉన్న పెట్టెలో చెడితే దానికి కనపడదు. 2000లో జోనథన్ స్టోన్, క్రెయిగ్ పార్ట్రిడ్జ్ నిజమైన ట్రాఫిక్‌ను లెక్కించి చూస్తే, 1,100 ప్యాకెట్లకొకటి మొదలు 32,000కొకటి దాకా టీసీపీ చెక్‌సమ్‌కు పొసగడం లేదు, కింద సీఆర్‌సీ అంతా బాగుందని చెబుతున్నా సరే.

వేగం కోసం ఇంత ఆరాటం ఎందుకంటే డిస్కు తిరిగే తీరు చూడాలి. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కు సెకనుకు 120 చుట్లే తిరుగుతుంది. రాసిన ప్రతి ముక్కా నిజంగా పళ్లెం మీదికి చేరిందని రూఢి చేసుకుని తర్వాతి దానికి పోదామంటే, దాదాపు సెకనుకు ఆ 120 దగ్గరే కథ ఆగుతుంది. మెమరీలో వేసి 'అయిపోయింది' అని అబద్ధం చెబితే సెకనుకు లక్షలు. ఆ అబద్ధం కరెంటు పోయేదాకా బయటపడదు.

కరెంటు పోవడం మనకు కొత్తా? 1990లలో మన పట్టణాల్లో వ్యాపారుల లెక్కలు ఫాక్స్‌ప్రోలో నడిచిన రోజులు చాలామందికి గుర్తుంటాయి. డీబీఎఫ్ ఫైలు మొదట్లో ఒక చిన్న తల ఉంటుంది, ఈ ఫైలులో ఎన్ని రికార్డులున్నాయో అందులో రాసి ఉంటుంది. సరుకు వేలంలో ఒక చీటీ కొడితే రికార్డు చివర చేరుతుంది, తలలో సంఖ్య ఒకటి పెరగాలి. ఆ రెంటి మధ్యలో కరెంటు పోతే తల ఒకటి చెబుతుంది, మొండెం ఒకటి చెబుతుంది. మర్నాడు ఇది డేటాబేస్ ఫైలే కాదు పొమ్మంటుంది యంత్రం. ఫైలును బాగుచేసి పెట్టే కుర్రాడికి ఆ రోజుల్లో ఊళ్లో డాక్టరంత గిరాకీ. 2003లో విజువల్ ఫాక్స్‌ప్రో 8 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ ఒక తనిఖీ చేర్చింది: టేబుల్ తెరిచేటప్పుడు, కొత్త రికార్డు చేర్చేటప్పుడు తలలోని సంఖ్య ఫైలు పొడవుతో సరిపోతోందో లేదో చూడటం. మంచిదే. వచ్చిన మరునాటి నుంచీ ప్రోగ్రామర్లు ఒకరికొకరు చెప్పుకున్న చిట్కా ఏమిటంటే, 'టేబుల్‌వాలిడేట్'ను సున్నా చేసెయ్, పరుగెడుతుంది.

అమెరికా పెద్దలూ తక్కువ తినలేదు. లినక్సులో ఎక్స్‌ట్3 ఫైల్ సిస్టం, రాసింది నిజంగా డిస్కు మీద పడిందో లేదో చూసే బారియర్‌ను ఏళ్ల తరబడి ఆపేసి ఉంచింది. పెడితే కొన్ని పనులు 30 శాతం దాకా మందగిస్తాయన్న భయం. దాని తర్వాతి ఎక్స్‌ట్4 రాతను మరికాస్త ఆలస్యం చేసి కలిపి రాయడం నేర్చింది. 2009లో కంప్యూటరు ఆగిపోయి మళ్లీ లేచేసరికి సున్నా బైట్ల ఫైళ్లు మిగిలినవాళ్లు గోల పెట్టారు. తప్పు ఫైల్ సిస్టందా, డిస్కు మీద పడేదాకా ఆగమని ఎఫ్‌సింక్‌తో అడగని ప్రోగ్రాముదా అని నెలల పాటు వాదన. మాంగోడీబీ అనే డేటాబేసు 2012 నవంబరు దాకా రాత అందిందో లేదో అడగకుండానే ముందుకు పోయేది, ఆ వేగాన్నే చూసి జనం మురిశారు. లినక్సులోని మరో ఫైల్ సిస్టం బీటీఆర్ఎఫ్ఎస్ ప్రతి డేటా బ్లాకుకూ చెక్‌సమ్ వేస్తుంది, కానీ డేటాబేసులు నెమ్మదిస్తున్నాయంటే ఫలానా ఫైలుకు అది వద్దని చెప్పే మీటా అదే ఇస్తుంది. అంటే అన్నిటికంటే ముఖ్యమైన ఫైలుకే కాపలా తీసేస్తున్నామన్నమాట. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

చెడిపోవడం నిజంగా అంత ఉందా అని అడిగేవాళ్లకు 2008లో లక్ష్మీ బైరవసుందరం, సహచరులు జవాబిచ్చారు. 15 లక్షలకు పైగా డిస్కులను 41 నెలలు గమనిస్తే 4 లక్షలకు పైగా చెక్‌సమ్ పొసగని ఘటనలు తేలాయి. ఆ డిస్కుల మీద చెక్‌సమ్ ఉంది కాబట్టి తేలాయి. లేని చోట చెడింది చెడినట్టే చదివేవాడికి అందుతుంది. తనిఖీ మానేస్తే దాని ఖర్చు మాఫీ కాదు. రాసేవాడి జేబులోంచి చదివేవాడి జేబులోకి మారుతుంది, వడ్డీతో సహా.

ఆ వడ్డీ కట్టినవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. 1998 నవంబరు 4న చంద్రబాబు నాయుడు ప్రభుత్వం 'కార్డ్' పేరుతో రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణను రెండు వందలకు పైగా ఆఫీసుల్లో ఆరంభించింది. ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ దాని వెనక మెదడు. రోజులు పట్టే రిజిస్ట్రేషన్ గంటకొచ్చింది. ఆస్తి మీద తాకట్లు, అమ్మకాలు చూపే ఈసీ నిమిషాల్లో చేతికొచ్చింది. చేత్తో దించే నకలు పోయి స్కానరు వచ్చింది. దీన్ని నేను తప్పుపట్టను, ఎందుకంటే బొమ్మ తీసే యంత్రం అక్షరం మింగదు, ఈ ఒక్క విషయంలో గుమాస్తా కంటే నమ్మకస్తురాలు. చిక్కంతా బొమ్మ పక్కన టైపు చేసే సూచికలో ఉంది. ఈసీ వెతికేది బొమ్మను కాదు, టైపు చేసిన సర్వే నంబరును. 1983 నుంచి ఉన్న పాత పుస్తకాల సూచికలన్నీ కూర్చుని లక్షల కొద్దీ ఎక్కించారు. 112/2బి అన్నది 122/2బి అయిందనుకోండి, పొలం మీద తాకట్టున్నా ఈసీ శుభ్రంగా వస్తుంది. ఒకరు చదువుతుంటే ఒకరు వేలుపెట్టి చూసే తంతు ఆ ఎక్కింపుకు ఉండి ఉంటే కార్డు అంత తొందరగా వచ్చేది కాదు. తర్వాత వచ్చిన భూరికార్డుల వెబ్‌ల్యాండులో నాలుగు హద్దులకు చోటే లేదు: పేరు, నంబరు, విస్తీర్ణం, అంతే.

మునియేటికి అవతల ఇంకా వేగంగా పరుగెత్తారు. తెలంగాణలో 2017 సెప్టెంబరు 15 నుంచి డిసెంబరు 31 దాకా ఊరూరా భూరికార్డుల ప్రక్షాళన చేశారు. తేలనివన్నీ పార్ట్-బిలో పడేశారు. 2020 అక్టోబరు 29న కేసీఆర్ ధరణి పోర్టల్ ప్రారంభించారు. తహసీల్దారు దగ్గరే రిజిస్ట్రేషను, అప్పటికప్పుడే రికార్డులో పేరు మార్చే మ్యుటేషను. పాత పద్ధతిలో మ్యుటేషనుకు ముందు నోటీసు, అభ్యంతరాలకు గడువు ఉండేవి. లంచాలకు అదే సందు అన్న మాట నిజమే. ఆ సందు మూయడానికి గోడే కట్టేశారు, రెవెన్యూ కోర్టులనూ తీసేశారు. తప్పు పడితే దిద్దమని అడిగే గుమ్మం లేకపోయింది. అవతల బోనకల్లులో పొలం, ఇవతల వత్సవాయిలో చుట్టరికం ఉన్న రైతుకు రెండు రాష్ట్రాల తేడా బాగా తెలిసొచ్చిన రోజులవి.

ఇక్కడివాళ్లు గర్వపడటానికి వీల్లేదు. వందేళ్ల తర్వాత రీసర్వే అంటూ 2020 డిసెంబరు 21న ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి శ్రీకారం చుట్టింది జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులోనే. డ్రోన్లు, కార్స్ స్టేషన్లు, రోవర్లు. కొలత యంత్రాలు సెంటీమీటర్లలో చెప్పాయి. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం కొలతతో ఆగలేదు: కొలిచాక 9(2) నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం చెబితే వినాలి, అప్పీలుకు చోటివ్వాలి, ఆ తర్వాతే 13 ప్రకటన. కొలవడం డ్రోను వేగంతో సాగింది, నోటీసు పట్టుకుని పొలం గట్టు మీద నలుగురు అన్నదమ్ములను నిలబెట్టడం మనిషి వేగంతోనే సాగుతుంది. గడువు తరుముకొచ్చిన చోట అన్నదమ్ముల చేలన్నిటికీ కలిపి ఒకే ఎల్‌పీఎం (భూకమతం పటం) నంబరు పడింది. జాయింట్ ఎల్‌పీఎం అన్న మాట రైతుల నోళ్లలో తిట్టులా స్థిరపడింది. అందులో ఒకరు అమ్మాలన్నా, బ్యాంకు లోనుకు పోవాలన్నా మిగతావాళ్లు తోడు రావాల్సిందే. 2024లో ప్రభుత్వం మారాక ఆ ఏడాది చివర పెట్టిన రెవెన్యూ సదస్సుల్లో అర్జీల కట్టలు పేరుకున్నాయి. సర్వేయరు ఒక పూట మిగుల్చుకున్నందుకు రైతు ఎన్ని పూటలు పోగొట్టుకున్నాడో ఎవరూ లెక్కగట్టరు.

ఈ మధ్య గాలి మళ్లినట్టుంది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణ ధరణి స్థానంలో భూభారతిని తెచ్చింది, అప్పీలు గుమ్మాన్ని తిరిగి తెరిచింది. ముందుగా పరీక్షకు ఎంచుకున్న నాలుగు మండలాల్లో ఖమ్మం జిల్లా నేలకొండపల్లి ఒకటి. యంత్రాల వైపు చూస్తే 2008 నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో సీఆర్‌సీకి విడిగా ఒక ఆదేశమే ఉంది. చెక్‌సమ్ లెక్క ఇప్పుడు దాదాపు ఉచితం. అయినా పోస్ట్‌గ్రెస్ డేటాబేసు 2013లో చెక్‌సమ్‌లు తెచ్చి, అడిగితేనే పెడతానంది. పన్నెండేళ్ల తర్వాత, 2025లో వచ్చిన 18వ వెర్షనులో అడక్కుండానే పెడుతోంది.

పాత డేటాబేసుకు వాటిని తర్వాత తగిలించే పనిముట్టు కూడా ఉంది. అది ప్రతి పేజీనీ చదివి, ఉన్నదానికి ఉన్నట్టు లెక్క వేసి ముద్ర కొడుతుంది. ఆ పేజీలోని సమాచారం నిరుడే చెడి ఉన్నా, ముద్ర ఆ చెడుకే పడుతుంది, మర్నాటి నుంచి ఆ పేజీ పరీక్ష నెగ్గుతూనే ఉంటుంది. ప్రక్షాళన చేశామని పాస్‌పుస్తకాలు పంచినప్పుడు జరిగింది ఇదే. అంతకు ముందు ఏముండేదో తెలియాలంటే బ్రౌన్ పండితుల్లాగా మరో ప్రతి వెతకాలి. వత్సవాయి పొలానికి ఆ ప్రతి 1983కు ముందు లింకు దస్తావేజు. దాని ఈసీ ఇప్పటికీ కంప్యూటరులో రాదు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో అర్జీ పెట్టుకుంటే పాత సూచిక పుస్తకాలు దించి చేత్తో వెతికి ఇస్తారు.